ఒక్క మెతుకు చాలునా?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెడన్నమూ తిని చూడక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఇది మనకి మన అమ్మలు చెప్పిన మాట. వాళ్ళకి వాళ్ళ అమ్మలు చెప్పారు. ఏ బళ్ళోనూ నేర్పని ఈ శాస్త్రాన్ని మన వంటింట్లోంచి ఎత్తుకుపోయి, ప్రజాభిప్రాయ సేకరణ చేసేవాళ్ళు తమ దుకాణానికి బోర్డుగా తగిలించుకున్నారు. "నాలుగు కోట్ల మంది ఓటర్లున్న రాష్ట్రంలో నాలుగువేల మందిని అడిగేసి, అందరి మనసూ తెలిసిపోయిందంటారేమిటండీ?" అని ఎవరైనా అడిగారా, "అన్నం చూడ్డానికి మీరెన్ని మెతుకులు పట్టి చూస్తారమ్మా?" అని ఎదురుప్రశ్న వేస్తారు. అడిగినవాళ్ళు నోరు మూసుకుంటారు.

నేను మూసుకోదలచుకోలేదు. సామెత మనది, గిన్నె మనది, గంటె మనది. దాన్ని వాళ్ళు సరిగ్గా వాడుతున్నారో లేదో చెప్పే అధికారం కూడా మనదే.

ఒక్క మెతుకు చాలన్న మాట నిజమే. కానీ ఎప్పుడు నిజం? గంటె పెట్టి అడుగునుంచీ కలిపిన తర్వాత నిజం. కట్టెల పొయ్యి మీద పదిమందికి వండిన ఇల్లాలిని అడగండి. పైన మెతుకు పలుకుగా ఉంటుంది, అడుగున మాడుతూ ఉంటుంది, మంట సోకని పక్క బియ్యం బియ్యంలాగే ఉంటాయి. కలపకుండా పైమెతుకు పట్టి చూసి వార్చేస్తే ఆ పూట ఇంటిల్లిపాదీ పస్తే. అంటే గొప్పతనమంతా మెతుకులో లేదు, కలపడంలో ఉంది. సర్వేవాళ్ళు మెతుకు సంగతే చెబుతారు. గంటె సంగతి చెప్పరు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. లెక్కల శాస్త్రాన్ని నేను కాదనడం లేదు. నిజంగా కలియబెట్టి, ఎవరి పేరైనా వచ్చే వీలుండేలా చీటీ తీసినట్టు తీసి, వెయ్యిమందిని అడిగితే, వచ్చిన జవాబు అసలు సంగతికి మూడు శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఊరు పెద్దదైనా, రాష్ట్రం పెద్దదైనా అంతే. ఇది గణితం. దీన్ని నమ్మొచ్చు. పేచీ అంతా ఆ "నిజంగా కలియబెట్టి" అన్న దగ్గరే.

కలపకపోతే ఏమవుతుందో అమెరికావాళ్ళకి 1936లోనే తెలిసొచ్చింది. అక్కడ 'లిటరరీ డైజెస్ట్' అని పేరుమోసిన వారపత్రిక ఒకటుండేది. ఆ యేడు అధ్యక్ష ఎన్నికకి ముందు అది సుమారు కోటిమందికి కార్డులు పంపింది. ఇరవైమూడు లక్షలకు పైగా జవాబులొచ్చాయి. ఇంతమంది చెప్పాక తిరుగేముందని, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్‌కి వచ్చాయి. ఇంతకీ ఆ కార్డులు ఎవరికి పంపారు? టెలిఫోనున్నవాళ్ళ జాబితాలోంచీ, కారున్నవాళ్ళ జాబితాలోంచీ ఏరి పంపారు. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో వేరే చెప్పాలా? పైమెతుకులు ఇరవైమూడు లక్షలు పట్టి చూసినా అవి పైమెతుకులే! అదే ఎన్నికలో గాలప్ అనే ఆయన అంతకంటే ఎంతో తక్కువమందిని, అన్నిరకాలవాళ్ళనీ కలిపి అడిగి, రూజ్వెల్టేనని సరిగ్గా చెప్పాడు. పత్రిక రెండేళ్ళకి మూతపడింది. అయితే ఆ గాలపే 1948లో పోలింగుకి ముందుగానే అడగడం మానేసి, ట్రూమన్ ఓడిపోతాడని చెప్పాడు. ట్రూమన్ గెలిచాడు. దించేశాక కూడా అన్నం మగ్గుతుందిగా మరి!

ఇక మా తిరువూరు గిన్నె సంగతికొద్దాం.

విజయవాడనుంచి భద్రాచలం వెళ్ళే రోడ్డుమీద, తెలంగాణ సరిహద్దు అంచున ఉంటుంది మా ఊరు. ఒకప్పటి కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాం. నియోజకవర్గంలో నాలుగు మండలాలు: తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఎ.కొండూరు. మామిడితోటలవాళ్ళ బాధ ఒకటి, పత్తీ మిరపా వేసినవాళ్ళ బాధ ఇంకొకటి, తండాల్లోవాళ్ళది మరొకటి, బజార్లో కొట్టున్నవాళ్ళది వేరొకటి. ఒకే గిన్నె, నాలుగు రకాల బియ్యం.

సర్వే కుర్రాడు ఎక్కడ దిగుతాడు? బస్టాండులో. ఎప్పుడు దిగుతాడు? పదీ పదకొండింటికి. ఎదురుగా టీ దుకాణం. అక్కడ పేపరు ముందేసుకుని కూర్చున్న పెద్దమనుషులు రాష్ట్రం మొత్తానికీ అభిప్రాయం ఇవ్వడానికి తయారుగా ఉంటారు. అరగంటలో ఇరవై జవాబులు! ఆ వేళకి మిరపకోతకెళ్ళిన ఆడవాళ్ళు చేలో ఉంటారు. పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్ళినవాళ్ళు పొద్దుగూకితేగాని రారు. తండాకి పోవాలంటే కుర్రాడికి బస్సు దొరకదు. పోతే చీకటి పడేలోగా తిరిగి రాలేడు. ఒక్కో కాగితానికి ఇంతని కూలి కుదుర్చుకున్నవాణ్ణి తప్పు పట్టి ఏం లాభం? మామిడిపళ్ళ బుట్ట కొనేటప్పుడు పైన పేర్చిన నాలుగు పళ్ళూ చూసి డబ్బిచ్చే ఆడది ఈ చుట్టుపక్కల లేదు. అడుగున చెయ్యిపెట్టి తీసి చూస్తాం. సర్వేని మాత్రం పైపళ్ళు చూసి కొనమంటున్నారు.

పోనీ, కుర్రాడు ఓపిగ్గా ఇంటింటికీ వచ్చాడనుకోండి. అప్పుడేం జరుగుతుందో నేను మా వీధిలోనే చూశాను. చేతిలో పలకలాంటి ఆ యంత్రం పట్టుకుని ఒకబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడే. గుమ్మంలో నిలబడి మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అమ్మా?"

"లేరు నాయనా. ఓటు నాకూ ఉంది, అడుగు" అన్నాను. కాస్త సిగ్గుపడి అడిగాడు. ఎదురింటి వదినగారి దగ్గర అలా జరగలేదు. ఆవిణ్ణి అడుగుతుంటే అన్నయ్యగారు లోపల్నుంచి కేకేసి ఆవిడ జవాబు కూడా ఆయనే చెప్పేశారు. కుర్రాడు రెండు జవాబులు రాసుకుని వెళ్ళిపోయాడు. లెక్కలో ఆడ ఒకటి, మగ ఒకటి సరిగ్గా పడ్డాయి. నోరు మాత్రం ఒక్కటే!

పక్కింటి పిన్నిగారిది ఇంకో పద్ధతి. డెబ్భైయేళ్ళ మనిషి. ఆ యేడు ముగ్గురు సర్వేవాళ్ళొస్తే ముగ్గురికీ మూడు పార్టీలు చెప్పింది. "అదేమిటి పిన్నిగారూ?" అంటే, "ఎవరికేస్తానో కట్టుకున్నవాడికే ఏనాడూ చెప్పలేదే! దారినపోయేవాడికి చెప్తానా? ఎవరి మనిషో ఏమో, వాడి మొహం చూసి వాడికి ఏది ఇష్టమో అది చెప్పి పంపించాను" అంది.

నవ్వు వస్తుంది కానీ, పిన్నిగారి మాటలో చాలా సంగతుంది. ఓటుకి గుట్టు ఉంది. అట్టపెట్టె చాటున ఒక్కళ్ళమే నిలబడతాం. మొగుడు చూడడు, ఆసామి చూడడు, పింఛను తెచ్చిచ్చేవాడు చూడడు. సర్వేకి ఆ గుట్టు లేదు. గుమ్మంలో అడుగుతారు. అరుగుమీద నలుగురు వింటూ ఉంటారు. అడిగేవాడు ఫోను నెంబరు కూడా రాసుకుంటాడు. ఫోనులో అడిగితే మరీను. ఫలానా పార్టీ అయితే ఒకటి నొక్కండి, ఫలానా అయితే రెండు నొక్కండి అంటుంది యంత్రం. మన నెంబరు దాని దగ్గర ఉండనే ఉందాయె! 2019 నుంచి అయిదేళ్ళపాటు మన రాష్ట్రంలో ఏభై ఇళ్ళకొక వాలంటీరు ఉండేవాడు. పింఛను ఆ చేత్తోనే వచ్చేది. అలాంటప్పుడు కొత్త మనిషి వచ్చి "ప్రభుత్వం ఎలా ఉందవ్వా?" అని అడిగితే, అవ్వ "బాగుంది నాయనా" అనక ఏమంటుంది? అది మెచ్చుకోలో, భయమో, మంచితనమో కుర్రాడి యంత్రానికి తెలియదు. ఏ ప్రభుత్వమున్నా ఇంతే. ఇచ్చే చెయ్యి మారుతుంది గాని, పుచ్చుకునేవాళ్ళ బెదురు మారదు.

ఈ చిక్కు తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ సంస్థ తరఫున జరిగే లోక్‌నీతి సర్వేల్లో, ఎవరికి ఓటేస్తారని నోటితో చెప్పమనరు. నమూనా బ్యాలెట్ కాగితం చేతికిచ్చి, గుర్తు పెట్టి మడిచి పెట్టెలో వేయమంటారు. అడగడంలో మర్యాద అంటే అదీ. అయితే అలా అడగడానికి రోజులు పడుతుంది, డబ్బు ఖర్చవుతుంది. మన టీవీలవాళ్ళకి సాయంత్రానికల్లా అంకె కావాలి.

ఇంతవరకూ ఎవర్ని అడిగారు, ఎవరు వింటుండగా అడిగారు అన్నది చూశాం. ఇప్పుడు ఏం అడిగారన్నది చూద్దాం. ఎవరు గెలుస్తారన్నది సరే, అది ఏదో ఒకనాడు తేలిపోతుంది. తప్పయితే తప్పని తెలుస్తుంది. కానీ ఫలానా విధానం కావాలా వద్దా అని అడిగే సర్వేలున్నాయే, అవి తప్పో ఒప్పో తేల్చడానికి ఏ ఓట్ల లెక్కింపూ ఉండదు. అసలు జాగ్రత్త అక్కడ కావాలి.

తల్లులం కనుక మనకి బాగా తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాలని 2019లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వెంటనే ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం అడిగింది. వాలంటీర్లు ఇళ్ళకి కాగితాలు తెచ్చారు. అందులో మూడు దారులు: తెలుగు ఒక తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచి ఇంగ్లీషు మీడియం, లేదా తెలుగు మీడియం, లేదా వేరే భాషా మీడియం. నూటికి 96 మందికి పైగా మొదటిదానికి సంతకం పెట్టారు.

ఈ 96 అబద్ధమా? కాదు. నా మటుకు నేను అబద్ధమనుకోను. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి, తన కొడుకుని ఇంగ్లీషు బళ్ళో వేయడానికి రెండిళ్ళు ఎక్కువ ఒప్పుకున్న మనిషి. "మీ పిల్లలకైతే ఇంగ్లీషు, మా పిల్లలకైతే తెలుగూనా అమ్మగారూ?" అని అడిగింది ఒకసారి. నా దగ్గర సమాధానం లేదు. ఆ అడగడంలో న్యాయముంది. కనుక జవాబు నిజమే. తక్కువైందల్లా ప్రశ్నే. "ఇంగ్లీషు కావాలా?" అన్నారు గాని, "ఆ ఇంగ్లీషు చెప్పే టీచరు మీ ఊరి బళ్ళో ఉన్నారా?" అని అడగలేదు. "మూడో తరగతి పిల్లాడికి అటు తెలుగూ చదవడం రాక, ఇటు ఇంగ్లీషూ అర్థంకాకపోతే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పడానికి మీకు వీలవుతుందా?" అని అడగలేదు. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని "అబ్బాయి నచ్చాడా?" అని మాత్రం అడిగి, కట్నం సంగతీ, అత్తగారి సంగతీ, ఉద్యోగం మానేయమంటారన్న సంగతీ చెప్పకుండా, "ఒప్పుకుందిగా!" అంటే ఎలా ఉంటుంది? అమ్మాయి ఒప్పుకున్నమాట నిజమే. ఆ ఒప్పుకోలు దేనికన్నదే తేలలేదు.

ప్రశ్న ఎలా అడిగితే జవాబు అలా ఒంగుతుంది. మూడు రాజధానుల మాట 2019 డిసెంబరులో వచ్చినప్పటి సంగతి గుర్తు తెచ్చుకోండి. "అన్ని ప్రాంతాలూ సమానంగా పైకి రావాలా?" అని అడిగితే వద్దనేవాళ్ళెవరు? "రైతులు భూములిచ్చాక రాజధానిని కదిలించవచ్చా?" అని అడిగితే కదిలించమనేవాళ్ళెంతమంది? ఒకే మనిషి రెండు ప్రశ్నలకీ నిజాయితీగా జవాబు చెప్పి రెండు పార్టీల లెక్కలోనూ పడొచ్చు. రాష్ట్రం విడిపోయే రోజుల్లోనూ అంతే. మా ఊరు దాటి పెనుబల్లి వైపు కాసేపు ప్రయాణం చేస్తే జవాబు తలకిందులయ్యేది. అదే భాష, అవే పెళ్ళి సంబంధాలు, అవే సంతలు. అయినా సరిహద్దుకి ఇటో మాట, అటో మాట. రెంటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరి అభిప్రాయమండీ? అటువారిదీ కాదు, ఇటువారిదీ కాదు. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు ఆఖరున ఇచ్చిన నివేదికలో ఈ ఒక్క చిక్కుకే ఆరు దారులు రాసింది. ఆరు దారులున్న చిక్కుని అవునా కాదా అని అడగడమంటే, ముడిపడ్డ నూలుకండెని కత్తెరతో విప్పడమే.

అడిగిన ప్రశ్నల సంగతి ఇలా ఉంటే, అడగని ప్రశ్నల సంగతి మరీ బాధాకరం. మా పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి మనుషుల్ని తినేస్తోంది. అక్కడి ఆడవాళ్ళు మొగుళ్ళని డయాలసిస్‌కి తిప్పుతూ, కూలికి పోతూ, పిల్లల్ని సాకుతూ బతుకుతున్నారు. ఎన్నికలముందు అక్కడికి సర్వే వెళ్ళిందే అనుకోండి, "ముఖ్యమంత్రిగా ఎవరైతే బాగుంటుంది?" అని అడుగుతుంది. "నువ్వు తాగే నీళ్ళు ఎక్కడివమ్మా?" అని అడగదు. ఆవిడ ఏదో ఒక పేరు చెబుతుంది. ఆ పేరు అంకెల్లో కలుస్తుంది. నీళ్ళ మాట గుమ్మంలోనే ఉండిపోతుంది. ప్రజాభిప్రాయం అంటే ఆ పేరా, ఆ నీళ్ళా? నన్నడిగితే నీళ్ళే అంటాను.

ఇక గెలుపోటముల జోస్యాలు. వీటి వెనకాల ఉన్న లెక్క ఒకటి చెబితే, టీవీలో అంత గట్టిగా ఎలా అరుస్తారోనని మీరూ ఆశ్చర్యపోతారు. 2014లో మన రాష్ట్రంలో గెలిచిన కూటమికీ ఓడిన పార్టీకీ మధ్య ఓట్ల తేడా రెండు శాతం సుమారు. సీట్లు మాత్రం 106, 67. బాగా కలిపి చూసిన సర్వేకే మూడు శాతం అటూ ఇటూ ఉంటుందనుకున్నాం కదా? రెండు శాతం తేడా ఉన్న ఎన్నికని ఆ త్రాసుతో తూచడమంటే, బస్తాలు తూచే కాటామీద బంగారం తూచడమే. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొస్తే 23 సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కీ 39 శాతమే వచ్చాయి, దక్కినవి 11. ఓట్లు తెలిసినంతమాత్రాన సీట్లు తెలిసిపోవని ఇంతకంటే ఏం కావాలి?

మా విజయవాడ లోక్‌సభ స్థానంనుంచి 2009లో గెలిచిన లగడపాటి రాజగోపాల్‌గారిని సర్వేల పుణ్యమా అని 'ఆంధ్రా ఆక్టోపస్' అనేవారు. అంతకుముందు కొన్ని జోస్యాలు ఫలించి ఆ పేరొచ్చింది. 2018 డిసెంబరులో తెలంగాణలో కూటమికి 65కి పది అటూ ఇటూ అన్నారు. తెరాసకి 35కి పది అటూ ఇటూ అన్నారు. తెరాసకి 88 వచ్చాయి. 2019 మే నెలలో మన దగ్గర తెలుగుదేశానికి వందకి పది అటూ ఇటూ అన్నారు. వచ్చినవి 23. ఇక సర్వేలకి దూరంగా ఉంటానని ఆయనే ప్రకటించారు. ఆ మాట అనడమైనా నయమే. అనకుండా మళ్ళీ ఎన్నికలకి కొత్త చొక్కా వేసుకుని టీవీలో కూర్చునేవాళ్ళున్నారు.

2024 జూన్ 1 సాయంత్రం గుర్తుందా? ఒక ఛానెల్లో కూటమి గెలుస్తోంది, ఇంకో ఛానెల్లో వైఎస్సార్ కాంగ్రెస్ గెలుస్తోంది. ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుని చూశారు. కేకే సర్వేస్ అనే సంస్థ ఒక్కటి కూటమికి 161 అంది. వచ్చినవి 164. అదే రోజున దేశం మొత్తానికి చాలా సర్వేలు అధికార కూటమికి 350 పైమాటేనన్నాయి. వచ్చినవి 293. అక్టోబరులో హర్యానాలో కాంగ్రెసేనని దాదాపు అందరూ అన్నారు. 90 స్థానాల్లో 48 బీజేపీ గెలుచుకుంది. చెప్పొచ్చేదేమిటంటే, పదిమంది పది అంకెలు చెబితే ఒకరిది తగిలి తీరుతుంది. తగిలినవారికి సన్మానం చేసి, తగలనివారిని మరిచిపోతాం. జాతకాలవాళ్ళ వ్యాపారం తరతరాలుగా నడుస్తున్నది ఈ కిటుకుమీదే కదా.

"పోనిస్తురూ, తప్పయితే మనకొచ్చిన నష్టమేమిటి, సరదాగా చూస్తాం" అంటారేమో. సరదా అయితే నేనింత రాయను. మన కోస్తా జిల్లాల్లో ఎన్నికలంటే పందేలు. నాకు తెలిసిన ఒకావిడ మెళ్ళో నానుతాడు ఇలాగే పోయింది. ఏదో సర్వేలో ఫలానావారే గెలుస్తున్నారని వచ్చిందట, ఆయన నమ్మి పందెం కాశాడు. ఆవిడ ఓటు వేసిందీ అడగలేదు, ఆవిడ అభిప్రాయం అడగలేదు, తాకట్టుకి తాడు మాత్రం అడిగాడు. ప్రజాభిప్రాయం అనే మాట వింటే ఇప్పటికీ ఆవిడ చెయ్యి మెడమీదికి పోతుంది.

రెండో నష్టం ఇంకా మెల్లిగా జరుగుతుంది. "ఎలాగూ వాళ్ళే గెలుస్తున్నారట, మన ఓటు వృథా చేసుకోవడమెందుకు?" అని గెలిచే పక్షానికి జారిపోయేవాళ్ళు కొందరు. "ఎలాగూ గెలుస్తున్నారటగా, ఈ ఎండలో వెళ్ళడమెందుకు?" అని ఇంట్లో కూర్చునేవాళ్ళు కొందరు. పోలింగు ఇంకా పూర్తి కాకుండా ఎగ్జిట్ పోల్ చెబితే రెండేళ్ళదాకా జైలని 2010 నుంచి చట్టముంది. అంత చట్టం ఎందుకొచ్చింది? అంకె మనసు కనిపెట్టడంతో ఆగక, మనసుని మార్చేస్తుందనే కదా! అద్దమే మొహాన్ని దిద్దడం మొదలుపెడితే అది ఇంక అద్దమెలా అవుతుంది?

అసలు మన రాష్ట్రంలో ఆడవాళ్ళ అభిప్రాయం పెద్దపెట్టున బయటపడింది సర్వేలో కాదు. 1990 తర్వాత నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో మద్యనిషేధం మాటిచ్చిన ఎన్టీఆర్ పార్టీకి 216 సీట్లొచ్చాయి. కాంగ్రెసుకి 26. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్ళు దాటాక తీసేశారు, అది వేరే కథ. అంతకుముందు ఎవరైనా సర్వేవాళ్ళు ఆ ఊళ్ళకి వెళ్ళి ఇంటి యజమానిని పిలిచి, "సారా వద్దంటారా?" అని అడిగి ఉంటే ఏమని రాసుకునేవారో మీరే ఊహించండి. ఆ యజమాని పక్కన నిలబడ్డ మనిషిని అడగాలని తోచదు. అడిగినా ఆయన ముందు ఆవిడ చెప్పదు. ఆవిడ చెప్పింది పోలింగు బూత్‌లోనే, చాటున.

అయితే సర్వేలు బొత్తిగా నమ్మొద్దంటావా అని అడుగుతారు. అలా అనను. చింతపండు కొనేటప్పుడు ఎలా కొంటామో అలా కొనమంటాను. గింజ తీసిందా, ఉప్పు కలిపారా, పోయినేటిదా, కొత్తదా, ఎవరి సరుకు అని అడగమూ? సర్వేనీ అలాగే అడగాలి. డబ్బు ఎవరిచ్చారు? ఎంతమందిని అడిగారు, ఏయే ఊళ్ళలో, ఏ వేళప్పుడు? అందులో ఆడవాళ్ళెందరు, వాళ్ళ జవాబు వాళ్ళే చెప్పారా? ప్రశ్న అక్షరాలా ఏమిటి? ఎన్నాళ్ళ కిందటి మాట? ఈ అయిదింటికీ జవాబు చెప్పిన సర్వేని, రేపు వాన పడుతుందన్న కబురు నమ్మినంత నమ్ముదాం. వడియాలు ఎండబెట్టేముందు ఒకసారి ఆకాశం కూడా చూసుకుందాం. జవాబు చెప్పనిదాన్ని, ఎంత పెద్ద అక్షరాల్లో వచ్చినా, కలపని గిన్నెలో పైమెతుకు కింద జమకడదాం.

ఇంకొక్క మాట. మన రాష్ట్రంలో 2024 ఓటర్ల జాబితాలో మగవాళ్ళకంటే మనమే ఎక్కువమందిమి. గిన్నెలో ఎక్కువ బియ్యం మనవే. సర్వే అబ్బాయి గుమ్మంలోకొచ్చి "మగవాళ్ళెవరూ లేరా?" అంటే, "నన్నడుగు నాయనా" అని కుర్చీ వేయండి. ఇష్టముంటే చెప్పండి, లేకపోతే చెప్పనని చెప్పండి. కానీ మీ జవాబు ఇంకొకరి నోటినుంచి పోనివ్వకండి. వాడు అడిగింది అయ్యాక, వాడు అడగనిది కూడా ఒకటి చెప్పి రాసుకోమనండి. నీళ్ళ సంగతి కావచ్చు, బడి సంగతి కావచ్చు, మందుల సంగతి కావచ్చు. "ఆ గడి ఇందులో లేదమ్మా" అంటాడు.

లేకపోతే అంచున రాసుకోమనండి.